సొరచేప పళ్లు ఏరే అబ్బాయికి ఏ చదువు?

ప్రశ్న: మేము వర్జీనియాలో ఉంటున్నాము. పదో తరగతి చదివే మా అబ్బాయి సెలవు దొరికితే చాలు, పొటోమాక్ నది ఒడ్డున ఉన్న వెస్ట్‌మోర్‌ల్యాండ్ స్టేట్ పార్కుకు వెళ్లి సొరచేప పళ్ల శిలాజాలు ఏరుకొస్తున్నాడు. శిలాజాల శాస్త్రమే చదువుతానంటున్నాడు. వాళ్ల నాన్నగారికి మాత్రం కంప్యూటర్ సైన్స్ తప్ప మరొకటి నచ్చడం లేదు. ఈ ఇష్టం రేపు కూడు పెడుతుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా మీ అబ్బాయి పళ్లు దాచుకునే సీసాలో నుంచి ఒక పన్ను తీసి అతని అరచేతిలో పెట్టి, ఇది ఏ రోజున, ఒడ్డున ఏ చోట, ఏ కొండచరియ కింద దొరికిందో అడగండి. జవాబు నోటుపుస్తకంలో ఉంటే నేను చెప్పబోయే సగం మాటలు మీకు అక్కర్లేదు. లేకపోతే అతనికి ఇప్పటివరకు ఉన్నది ఏరుకునే సరదా మాత్రమే. అది తప్పు కాదు గాని, దానిని వృత్తి అనలేము.

నది ఒడ్డున సముద్రజీవి పన్ను ఎందుకు ఉందన్న ప్రశ్న దగ్గరే ఈ శాస్త్రం మొదలవుతుంది. సుమారు 1.5 కోట్ల సంవత్సరాల క్రితం, మయోసీన్ కాలంలో, ఆ ప్రాంతం లోతు తక్కువ సముద్రం. ఆనాటి ఒండ్రు పొరలను నది కోస్తూ ఉంటే, చరియ విరిగి పడినప్పుడల్లా అందులోని పళ్లు ఒడ్డుకు చేరుతున్నాయి. సొరచేప అస్థిపంజరం మృదులాస్థి కనుక సాధారణంగా కుళ్లిపోతుంది. పళ్లు గట్టివి, పైగా ఒక్కొక్క చేప తన జీవితంలో వేలాది పళ్లు రాల్చుకుంటుంది. అందుకే చేప కన్నా పన్నే దొరుకుతుంది. మెగలోడాన్ అనే, ఇప్పుడు అంతరించిపోయిన భారీ సొరచేప పన్ను సుమారు 18 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చు గాని, జల్లెడలో మిగిలేవి ఎక్కువగా గోరంతవే. నీటితో కొట్టుకొచ్చిన పన్ను ఏ పొర నుంచి ఊడిందో చెప్పడం కష్టం. దొరికిన చోటు కూడా రాయకపోతే, చూడటానికి ఎంత అందంగా ఉన్నా పరిశోధకుడికి దానితో పెద్దగా పని ఉండదు.

నియమాలు కూడా ఇప్పుడే నేర్వాలి. ఒడ్డున విడిగా పడి ఉన్నవాటిని ఏరుకోవడం వేరు, చరియను తవ్వడం వేరు. రెండోది నిషిద్ధం, ప్రాణాంతకం కూడా, ఎందుకంటే ఆ మట్టి చెప్పకుండా కూలుతుంది. నేషనల్ పార్కుల భూమిలో ఏ శిలాజాన్నీ తీసుకోకూడదు. ఇతర ఫెడరల్ భూముల్లో కొన్ని చోట్ల మామూలు గవ్వలను కొద్దిగా ఏరుకోనిస్తారు గాని, 2009 నాటి చట్టం ప్రకారం వెన్నెముక గల జీవుల శిలాజాలకు అనుమతి తప్పనిసరి. సొరచేప పన్ను ఈ రెండో కోవకే చెందుతుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

ఇక కూడు సంగతి. విశ్వవిద్యాలయాల్లోనూ మ్యూజియంలలోనూ శాశ్వత ఉద్యోగాలు చాలా తక్కువ, వాటి కోసం డిగ్రీ నుంచి పిహెచ్‌డీ వరకు దాదాపు పదేళ్లు చదవాలి. ఈ మాట దాచిపెట్టి పిల్లవాడిని ప్రోత్సహించడం నాకు ఇష్టం లేదు. అయితే దారులు అంతటితో మూసుకుపోవు. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గవ్వలను చదవగలిగినవారు చమురు బావుల పొరల వయసును కట్టగలరు, ప్రాచీన సముద్రాల ఉష్ణోగ్రతలను అంచనా వేయగలరు. రోడ్లు, కట్టడాల కోసం భూమిని తవ్వేచోట శిలాజాలు పాడవకుండా పర్యవేక్షించే కన్సల్టెన్సీ పని కూడా ఉంది. అందువల్ల డిగ్రీలో నేరుగా శిలాజాల శాస్త్రం అని వెతకకుండా, భూవిజ్ఞానం ప్రధానంగా తీసుకుని జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం జోడించుకోమనండి. భూవిజ్ఞానం వస్తే భూగర్భజలాలు, పర్యావరణ రంగాలు కూడా చేతిలో ఉంటాయి.

వాళ్ల నాన్నగారి కోరిక దీనికి అడ్డు కాదు. నేడు శిలాజాలను సీటీ స్కాన్‌తో చూస్తున్నారు, వేల నమూనాల కొలతలను ప్రోగ్రాములు రాసి పోలుస్తున్నారు. కోడింగ్ వచ్చిన భూవిజ్ఞాన విద్యార్థికి ఈ రంగంలోనూ బయటా గిరాకీ ఉంటుంది.

ప్రస్తుతానికి ఒక్క పని చేయించండి. మేరీలాండ్‌లోని సాలమన్స్‌లో ఉన్న కాల్వర్ట్ మెరైన్ మ్యూజియం ఈ శిలాజాలకు పేరుపొందింది. పాఠశాల విద్యార్థులను స్వచ్ఛంద సేవకు తీసుకుంటారేమో అబ్బాయినే ఉత్తరం రాసి అడగమనండి. వెళ్లేటప్పుడు సీసా మొత్తం కాదు, తేదీ, చోటు రాసిన చీటీలు ఉన్న పదిహేను పళ్లు మాత్రం పట్టుకెళ్లమనండి.