బాల్ మిల్లు సిమ్యులేషన్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: నేను సిమెంటు ఫ్యాక్టరీలో బాల్ మిల్లు (ఇనుప గుండ్లతో సరుకును పొడి చేసే పెద్ద డ్రమ్ము) ఆపరేటర్‌ని. మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. తిరిగే మిల్లులో గుండ్లు, సరుకు ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో చూపించే ప్రాజెక్టు చేస్తానంటున్నాడు. స్నేహితులంతా పైథాన్ నేర్చుకుంటుంటే వీడికి ఈ గుండ్లాట ఏంటని టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, జగ్గయ్యపేట

జవాబు: టెన్షన్ వద్దండీ. అలాగని ఆ ఒక్క ప్రాజెక్టుతోనే ఉద్యోగం వచ్చేస్తుందనీ అనుకోకండి.

లోపల సరుకు తగ్గిందో నిండిందో మిల్లు మోతను బట్టి మీరు చెప్పేస్తారు కదా? తగ్గితే గుండ్లు నేరుగా లైనర్‌ని, అంటే లోపలి గోడకు వేసిన పలకల్ని కొట్టి గట్టిగా మోగుతాయి, నిండితే మోత మందగిస్తుంది. మీ చెవికి తెలిసినదాన్నే మీవాడు లెక్కల్లో పట్టుకోవాలనుకుంటున్నాడు. ప్రతి గుండునీ విడిగా తీసుకుని, పక్కదాన్ని తాకినప్పుడు ఎంత బలం పుట్టింది, ఎటు కదిలింది అని సెకనును లక్షల ముక్కలు చేసి లెక్కగడతారు. దీని పేరు డిస్క్రీట్ ఎలిమెంట్ మెథడ్. 1979లో కుండాల్, స్ట్రాక్ అనే ఇద్దరు ఇసుక, మట్టి లాంటి రేణువుల కోసం దీన్ని వివరించారు. బాల్ మిల్లుకు దీన్ని వాడిన తొలివాళ్లు అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మనవాళ్లే: బి.కె. మిశ్రా, రాజ్ రాజమణి. మిశ్రా తర్వాత భువనేశ్వర్‌లోని ఖనిజాల పరిశోధన సంస్థ ఐఎంఎంటీకి డైరెక్టర్ కూడా అయ్యారు.

ఇవాళ రాత్రి మీవాణ్ని ఒక్క ప్రశ్న అడగండి. 4 మీటర్ల వ్యాసం ఉన్న మిల్లులో ఎంత స్పీడుకి గుండ్లు కిందపడకుండా గోడకే అతుక్కుని తిరుగుతాయి? దీనికి సూత్రంలో వాడే స్థిర సంఖ్య 42.3ని వ్యాసం 4 వర్గమూలంతో, అంటే 2తో భాగిస్తే నిమిషానికి సుమారు 21 చుట్లు. అందుకే అలాంటి మిల్లుని అందులో ముప్పావు వంతు, 16 దగ్గర తిప్పుతారు. ఇది తడుముకోకుండా చెప్పలేకపోతే స్క్రీన్ మీద రంగురంగుల గుండ్లు ఎంత ముచ్చటగా దొర్లినా ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతాడు. ఇలా దొరికిపోయినవాళ్లను చాలామందినే చూశాను.

పైథాన్ సంగతంటారా, ఈ పనికి ఉచితంగా దొరికే యేడ్ అనే సాఫ్ట్‌వేర్ నడిచేదే పైథాన్‌తో. అదీ ఇదీ ఒకేసారి వస్తాయి.

ఈ ఒక్క పనికే తీసుకునే ఉద్యోగాలు తక్కువ, వాటికి ఎక్కువగా ఎంటెక్ అడుగుతారు. కాబట్టి గేట్ రాయించండి. మిల్లులే కాదు, సిమెంటు ముడిసరుకును కాల్చే కిల్న్, ఫార్మా కంపెనీల్లో మాత్రలకు పూత వేసే కోటింగ్ పాన్, అన్నీ తిరిగే డ్రమ్ములే. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వస్తే మాత్రం వదులుకోమని నేను చెప్పను.

చాలామంది పిల్లలు సిమ్యులేషన్‌లో ఘర్షణ విలువను ఏదో పరిశోధన పత్రంలోంచి ఎత్తి పెట్టేస్తారు. మీరు నాలుగు కిలోల క్లింకర్ (కిల్న్‌లో కాలి వచ్చే గడ్డలు) అడిగి తెచ్చివ్వండి. రేకు మీద కుప్పగా పోసి, వాలు కోణం కొలిచి, దాన్నిబట్టి ఘర్షణను సరిచూసుకోమనండి. వచ్చే షట్‌డౌన్‌లో మ్యాన్‌హోల్ తెరిచినప్పుడు, మేనేజరుగారు ఒప్పుకుంటే హెల్మెట్ పెట్టి వెంట తీసుకెళ్లండి. లైనర్ ఎక్కడ ఎంత అరిగిందో రాసుకొని, తన సిమ్యులేషన్‌లో గుండ్లు పడే చోటుతో పోల్చి చూసుకుంటాడు.