పంచుకోని ఇంటికి రెండు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: నాన్నగారు నిరుడు వీలునామా రాయకుండానే పోయారు. గుంటూరులో ఆయన సొంత సంపాదనతో కట్టిన ఇల్లు 80 లక్షలు చేస్తుంది. అమ్మ, అన్నయ్య, నేను, చెల్లి ఉన్నాం. నాన్నగారి 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి అన్నయ్యే నామినీ, ఆ డబ్బు తనే తీసుకున్నాడు. 15 లక్షలిస్తే ఇంట్లో తన వాటా నాకు వదిలేస్తానని, స్టాంపు కాగితం మీద రాసిస్తానని, నెలాఖరులోగా తేల్చమని అంటున్నాడు. చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశాం. నా జీతం 78 వేలు, హోమ్ లోన్ ఈఎంఐ 24 వేలు, చేతిలో ఉన్నది లక్షా పది వేలు. పది లక్షలు పర్సనల్ లోన్, ఐదు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: తేకండి. వాటా ఎంతో తేలకముందే అప్పుకి పరిగెత్తేవాళ్లు చాలామంది రాస్తుంటారు. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

పర్సనల్ లోన్ 14 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 23 వేల పైచిలుకు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఐదు లక్షలకు నెలనెలా 10 వేలు కడుతూ పోయినా అసలు సొమ్ము అంగుళం కదలదు. పాత ఈఎంఐతో కలిపితే 57 వేలు, మిగిలేది 21 వేలు. దాంతో ఇల్లెలా గడుస్తుందో మీరు రాయలేదు. ఇంట్లో మీ ఆవిడకైనా చెప్పారా?

ఇక డిపాజిట్. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి, అంతే. ఆ డబ్బు వారసులందరిదీ. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో భార్యకీ పిల్లలకీ సమాన వాటాలు (నాయనమ్మ ఉంటే ఆవిడకీ ఒకటి). ఆవిడ లేరనుకుంటే 12 లక్షల్లో అన్నయ్యవి మూడు. మీ ముగ్గురి 9 లక్షలు ఆయన దగ్గరే ఉన్నాయి. అలాంటి మనిషికి ఇవ్వడానికి మీరు 24 శాతానికి అప్పు చేస్తారా?

చెల్లికి పెళ్లిలో ఎంత పెట్టినా ఆమె నాలుగో వంతు ఎక్కడికీ పోదు. ఆమె, అమ్మ సంతకాలతో భాగపంపకాల దస్తావేజు రిజిస్టర్ అయ్యేదాకా ఎవరికీ రూపాయి ఇవ్వకండి. స్థిరాస్తి హక్కు వదులుకునే కాగితం రిజిస్టర్ కాకపోతే, స్టాంపు కాగితమైనా తెల్ల కాగితమైనా ఒకటే.

అసలు నా బెంగ వేరే ఉంది. లక్షా పది వేలతో మీరు రెండు నెలలు కూడా నిలబడలేరు. ఆస్తి తగాదాలో చేతిలో డబ్బు లేనివాడే ముందు లొంగుతాడు. పిల్లల కాలేజీ ఫీజు గడువు దగ్గరపడి, తమ్ముడు చెప్పిన రేటుకే సంతకం పెట్టి వచ్చిన ఒక పెద్దమనిషి నాకు తెలుసు. భాగం దావా ఏళ్ల తరబడి సాగుతుంది, వకీలు ఫీజు మాత్రం ఆగదు. ఈఎంఐతో కలిపి మీ ఖర్చు నెలకు 60 వేలనుకున్నా ఆరు నెలలకు 3 లక్షల 60 వేలు కావాలి. డిపాజిట్‌లో మీ మూడు లక్షలు రాబట్టుకుంటే చేతిలో ఉన్నదానితో ఆ నిధి నిండుతుంది. ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాలో, ఎప్పుడంటే అప్పుడు తీసుకోదగ్గ డిపాజిట్‌లో పడి ఉండాలి. షేర్లలో కాదు, ఇంటి వాటాలో అసలే కాదు.

మాట తెగకపోతే కోర్టుకెక్కేముందు లోక్ అదాలత్‌కి వెళ్లండి, అక్కడి రాజీకి డిక్రీ (కోర్టు తీర్పు) విలువ ఉంటుంది. అమ్మ తన వాటాకి వీలునామా రాయాలి, ఇద్దరు సాక్షులు చాలు. మీరూ రాయండి.

ఈసారి అన్నయ్యతో కూర్చునేటప్పుడు ఆ డిపాజిట్ రసీదు జిరాక్స్ వెంట తీసుకెళ్లండి. ఆయన 15 లక్షల మాట ఎత్తగానే మీరు 9 లక్షల మాట ఎత్తండి.