ఎడ్మంటన్ చలిలో బ్లాక్ హీటర్ రాత్రంతా పెట్టి ఉంచాలా?

కెనడాలోని ఎడ్మంటన్‌కి కొత్తగా వచ్చామన్నారు మీరు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కొరొల్లాకి ముందు గ్రిల్ సందులోంచి మూడు పిన్నుల ప్లగ్ వేలాడుతోంది, దాన్ని రాత్రంతా కరెంటుకి తగిలించాలా, బిల్లు ఎంతొస్తుంది అని అడిగారు. అది బ్లాక్ హీటర్ ప్లగ్, అంటే చలిలో బండి స్టార్ట్ అయ్యేందుకు ఇంజిన్‌ని ముందే వెచ్చబెట్టే కరెంటు హీటర్‌ది. మాదీ ఈ ఊరే. మాకు గరాజ్ లేదు, చలికాలమంతా కారు ఆరుబయటే ఉంటుంది.

రాత్రంతా అక్కర్లేదండీ. బయల్దేరే ముందు రెండు మూడు గంటలు చాలు. ఆ తర్వాత ఎంతసేపు ఉంచినా ఇంజిన్ పెద్దగా వేడెక్కదు, హీటర్ ఇచ్చే వేడి ఇచ్చినట్టే చలికి పోతుంటుంది. చిన్న కార్లకి ఉండేది సుమారు 400 వాట్ల హీటర్. మూడు గంటలకి ఒక యూనిట్ పైచిలుకు కాలుతుంది. పది గంటలు వదిలేస్తే నాలుగు యూనిట్లు. హార్డ్‌వేర్ షాపుల్లో ఆరుబయట వాడే టైమర్ దొరుకుతుంది, అది కొనేయండి. ఏడింటికి బయల్దేరేవాళ్లు నాలుగింటికి ఆన్ అయ్యేలా పెట్టుకుని నిశ్చింతగా పడుకోవచ్చు. మైనస్ 30 దాటితే మాత్రం నేను ఇంకో గంట కలుపుతాను.

2024 జనవరిలో ఇక్కడ మైనస్ 40 దాకా పోయినప్పుడు, 13వ తేదీ సాయంత్రం అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. రాష్ట్రంలో కరెంటు చాలడం లేదు, వాడకం తగ్గించండి అని. అప్పుడు కాసేపు ఆగి పెట్టుకోమని చెప్పిన వాటిలో బ్లాక్ హీటర్లు కూడా ఉన్నాయి. టైమర్ ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ లేదు, వాళ్ల హీటర్ ఎలాగూ తెల్లవారుజామునే ఆన్ అవుతుంది.

అసలు అది చేసే పని చిన్నదే. మన ఇళ్లల్లో బకెట్లో వేసే హీటర్ రాడ్ నీళ్లని కాచినట్టు, ఇది ఇంజిన్ బ్లాక్‌లో ఉన్న కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని కాస్తుంది. దాంతో బ్లాక్, దాని వల్ల కొంత ఆయిల్ వెచ్చబడతాయి. గడ్డకట్టే చలిలో ఆయిల్ చిక్కబడిపోయి, సెల్ఫ్ కొట్టగానే పైదాకా అందదు, అరుగుదల అక్కడే. అందుకే హీటర్ ఉంది కదా అని ఆయిల్ విషయంలో అశ్రద్ధ చేయొద్దు. డబ్బా మీద రాసి ఉండే 0డబ్ల్యూ, 5డబ్ల్యూ లాంటివి ఆయిల్ చలికి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తులు. 0డబ్ల్యూ రకం ఆయిల్ మైనస్ 35లో, 5డబ్ల్యూ రకం మైనస్ 30లో పరీక్ష పాసవ్వాలి. మీ కారు మాన్యువల్ 0డబ్ల్యూ-20 అంటే అదే పోయించండి. మైనస్ 15 వరకు మంచి ఆయిల్, మంచి బ్యాటరీ ఉంటే హీటర్ లేకుండానే బండి స్టార్ట్ అవుతుంది. ఆ కిందకి వెళ్తేనే ప్లగ్ పెట్టండి.

ఈ హీటర్ కొత్తదేమీ కాదు. సరిహద్దుకి అవతల అమెరికాలో, నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన 1949లోనే ఇలాంటిదానికి పేటెంట్ తీసుకున్నారు.

సెకండ్ హ్యాండ్ బండి అన్నారు కాబట్టి, మీ హీటర్ పనిచేస్తోందో లేదో ముందు చూసుకోండి. బాగా చలిగా ఉన్న రోజు ప్లగ్ పెట్టి, బానెట్ దగ్గర చెవి పెట్టి కాసేపు ఆగితే సన్నగా సుయ్యిమని వినిపిస్తుంది. వినిపించకపోతే పాడైందనే అనుకోవద్దు. చాలా అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో కరెంటు కాసేపు ఇచ్చి కాసేపు ఆపుతుంటారు, కొన్ని వైర్లలో మైనస్ 18 దగ్గరికి వస్తేనే ఆన్ అయ్యే థర్మోస్టాట్ ఉంటుంది. ప్లగ్‌కీ సాకెట్‌కీ మధ్య పెట్టే వాట్ మీటర్ ఒకటి తెచ్చుకుంటే తేలిపోతుంది. 400కి దగ్గరగా చూపిస్తే బాగున్నట్టు. సాకెట్ బాగుండి, చలి బాగా ఉండి, అయినా సున్నా అంటే చాలాసార్లు వైరు పోయి ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే మార్చవచ్చు. లోపలి ఎలిమెంట్ పోతే కూలెంట్ దించాలి, అది మెకానిక్ పని.

ఎక్కువమంది మర్చిపోయేది బ్యాటరీని. బ్లాక్ హీటర్ దాన్ని వేడి చేయదు. బ్యాటరీ మీద రాసి ఉండే సీసీఏ అంకె, అంటే చలిలో ఇంజిన్‌ని తిప్పడానికి అది ఇవ్వగల కరెంటు, మైనస్ 18 దగ్గర కొలిచింది. మైనస్ 35లో అంత శక్తి ఉండదు. నాలుగైదేళ్లు దాటిన బ్యాటరీ అయితే నవంబరులోనే టెస్ట్ చేయించండి. ఇక్కడ పొద్దున్నే జంపర్ కేబుళ్లు పట్టుకుని నిలబడేవాళ్లలో ప్లగ్ పెట్టినవాళ్లూ ఉంటారు. కూలెంట్ కూడా ఒకసారి చూపించండి, యాంటీఫ్రీజ్, నీళ్లు సగానికి సగం కలిపినది మైనస్ 37 దాకా గడ్డకట్టదు. నీళ్లు ఎక్కువైతే హీటర్ కాపాడలేదు.

ఎక్స్‌టెన్షన్ వైరు ఇంట్లో వాడే సన్నటిది వద్దు. ఆరుబయట వాడే మూడు పిన్నులది, 14 గేజ్‌ది లేదా అంతకన్నా మందమైనది తీసుకోండి. మామూలు ప్లాస్టిక్ తొడుగు మైనస్ 30లో కర్రలా బిగుసుకుపోయి, వంచితే పగులుతుంది, కాబట్టి చలికి తట్టుకునేదని రాసి ఉన్నదే కొనండి. ప్లగ్ చేత్తో ముట్టుకుంటే వేడిగా తగిలితే ఆ వైరు పారేయడమే.

పొద్దున స్టార్ట్ చేశాక పావుగంట ఊరికే ఆడించక్కర్లేదు. అద్దాల మీద మంచు గీకేలోపు చాలు, మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. వెళ్లే ముందు ప్లగ్ తీయడం మర్చిపోకుండా మా వీధిలో చాలామంది వైరుని డ్రైవర్ వైపు అద్దం మీదుగా వేసి ఉంచుతారు. డోర్ తీయాలంటే ముందు వైరు తీయాల్సిందే.