పాఠకుల ప్రశ్నలు: కోచింగ్ సెంటర్ నుంచి యాప్ దాకా

ప్రశ్న: హనుమకొండ నయీంనగర్‌లో గ్రూప్స్ కోచింగ్ నడుపుతున్నాం. నిరుడు యాప్ కూడా పెట్టాం. నోటిఫికేషన్ పడ్డ నెలలోనే 999 రూపాయల ఏడాది కోర్సును 3 వేల మంది కొన్నారు. ఆ ధైర్యంతో స్టూడియో కట్టి ఫ్యాకల్టీని పెంచాం. ఇప్పుడు జీతాలకే కటకటగా ఉంది. లోపం ఎక్కడ?

జవాబు: వచ్చిన 29 లక్షల 97 వేలూ మీవే అనుకోవడంలో. కోచింగ్ మీద జీఎస్టీ 18 శాతం. అంటే 999లో 152 రూపాయలు ప్రభుత్వానివి. ఆన్‌లైన్ చెల్లింపులు అందుకునే పేమెంట్ గేట్‌వేకు 2 శాతం దాకా పోతుంది. మిగిలింది 12 నెలలకు పంచండి, నెలకు 2 లక్షల చిల్లర. మీరు స్టూడియో కట్టింది పిల్లలకు ఇంకా చెప్పని పాఠాల డబ్బుతో. పెద్దవాళ్లకూ ఇదే తిప్పలు: ముందే తీసుకున్న ఫీజును ఏళ్లవారీగా పంచి రాయాల్సి వచ్చిన ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్, 2020-21కి 4,588 కోట్ల నష్టం చూపింది.

అడ్వాన్సు ఫీజును వేరే ఖాతాలో వేసి, నెలనెలా పన్నెండో వంతే తీయండి. కొత్త ఫ్యాకల్టీకి జీతం కాకుండా గంటల లెక్కన ఇవ్వండి. సెంటర్, యాప్ ఒకే పాన్ మీద ఉంటే రెండింటి రాబడీ కలిపే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే 20 లక్షల పరిమితి చూస్తారు. ఇది చాలామంది మరిచిపోతారు.

ఇక డౌన్‌లోడ్ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. మొదటి టెస్టు రాసినవాళ్లలో ఐదోది ఎందరు రాశారో చూడండి. అది సగానికి పడిపోతే ప్రకటనల ఖర్చు ఆపి, ప్రశ్నలు సరిచేయండి.

ప్రశ్న: డీటీపీ సెంటర్‌లో కొట్టించిన ప్రశ్నపత్రం యాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. (జనగామ)

జవాబు: అది అను ఫాంట్లలో కొట్టింది. ఫోన్లు, యాప్‌లు చదివే యూనికోడ్ కాదు. కన్వర్టర్‌లో వేస్తే తెలుగు వస్తుంది గానీ, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలనూ అది తెలుగనుకుని చెడగొడుతుంది. అందుకే ఇంగ్లిష్ మాటలను ముందే వేరే ఫైలులోకి తీసి, తెలుగొక్కటే మార్చండి. మార్చాక క్ష, రావత్తు, శాతం గుర్తు, అంకెలు ఒక్కొక్కటీ చూడాలి. 'నోటిఫికేషన్‌లో' అన్నది 'నోటిఫికేషన్లో' అయిపోతుంటుంది. జతపరచండి ప్రశ్నలను పట్టికగా పెట్టొద్దు, చిన్న ఫోన్‌లో రెండో నిలువు వరుస కనిపించదు. అ, ఆ, ఇ, ఈ అని ఒకదాని కింద ఒకటి రాసి, ఆ కింద 1, 2, 3, 4 ఇవ్వండి. 150 ప్రశ్నల పేపరును కనీసం ఒకరు చవక ఫోన్‌లో పూర్తిగా రాసి చూశాకే వదలండి. తప్పు కీ ఒక్కటి పడితే చాలు, సాయంత్రానికి టెలిగ్రామ్ గ్రూపులన్నీ అదే మాట.

ప్రశ్న: మా దగ్గర చదివిన అభ్యర్థికి ఉద్యోగం వచ్చింది. ఫ్లెక్సీ కట్టొచ్చా? (కరీంనగర్)

జవాబు: ఎంపికయ్యాక రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. చేరేటప్పుడే సంతకం చేయించుకున్న కాగితం చెల్లదు. 2024 నవంబరు కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 50 మందికి మించి చదివే సెంటర్లు ఫొటోతోపాటు ర్యాంకు, తీసుకున్న కోర్సు, ఎన్నాళ్లు, ఫీజు కట్టారా లేదా కూడా వేయాలి. ఉచిత మాక్ ఇంటర్వ్యూకు మాత్రమే వచ్చి ఉంటే అదే రాయండి, అదీ చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో.