మధ్య హాలు పగలే చీకటి: కిటికీలు పెద్దవి చేయిస్తే సరిపోతుందా?

మీది 150 గజాల ప్లాట్, తూర్పు ముఖం, జీ ప్లస్ వన్, రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్లు. కింద మధ్య హాల్లో పగలు కూడా లైటు వేయాల్సి వస్తోంది, వెనక పడమటి బెడ్‌రూమ్ సాయంత్రానికి కాలిపోతోంది అన్నారు. కిటికీలు పెంచితే హాలుకు ఉపయోగం ఉండదు, బెడ్‌రూమ్‌కైతే నష్టమే.

హాల్లో సోఫా మీద కూర్చుని పక్క కిటికీలోంచి చూడండి. ఆకాశం కొంచెమైనా కనబడుతోందా, పక్కింటి గోడేనా? గోడ ఒక్కటే కనబడితే నాలుగడుగుల కిటికీని ఆరడుగులు చేసినా అదే గోడ ఇంకాస్త కనబడుతుంది. కూర్చున్న చోటికి ఆకాశం ఎంత కనబడితే అంత వెలుతురు. ఎదురుగా అడ్డం లేని కిటికీ అయినా, పైఅంచు ఎంత ఎత్తులో ఉంటే దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే గదికి పనికొస్తుంది.

కాబట్టి వెలుతురు పైనుంచే దిగాలి. మీ మెట్లు ఇంటి లోపలే ఉన్నాయి గనుక స్లాబు కోయక్కర్లేదు. మేడ మీది మెట్ల గదిలో, ఉత్తరపు గోడకు, కప్పు కిందుగా, గోడ పొడవునా రెండడుగుల ఎత్తు గాజు పెట్టించండి. మెట్ల చుట్టూ గోడలకు తెల్ల మ్యాట్ పెయింట్ వేయించండి, రెయిలింగుకు ఇటుక గోడ బదులు సన్న ఇనుప చువ్వలు పెట్టించండి. హాలుకూ మెట్లకూ మధ్య గోడ ఉంటే అది బరువు మోసేది కాదని స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాకే తీయించాలి.

కప్పు మీదే గాజు పరిచేద్దామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడే పడదు. ఆ ఎండంతా తిన్నగా హాల్లోకి దిగుతుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు, అందుకే ఉత్తరపు గాజుకూ ఒక అడుగు సజ్జా ఉండాలి. కప్పు గాజు ఇప్పటికే ఉంటే దాని చుట్టూ తొమ్మిది అంగుళాల గట్టు ఉందో లేదో చూడండి. స్లాబుకు సమంగా పెట్టి సిలికాన్ పూస్తే అది ఎండకు బీటలు వారి వానాకాలంలో కారుతుంది. గాజు లామినేటెడ్‌దే కావాలి, పగిలినా ముక్కలు నెత్తిన పడవు.

పడమటి బెడ్‌రూమ్ సంగతి వేరు. సాయంత్రపు సూర్యుడు కిందికి దిగి ఉంటాడు, సజ్జా ఆపలేదు. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా గాజు దాటిన వేడి అప్పటికే గదిలో ఉంటుంది. ఎండ బయటే ఆగాలి. కిటికీకి జానెడు బయటగా వెదురు చిక్ (చుట్టి దించుకునే తెర) వేలాడదీయండి, లేదా జాలీ, అంటే బెజ్జాలున్న పలక గోడ, కట్టించండి. జాలీలో బెజ్జం ఎంత వెడల్పో మందం కనీసం అంత ఉండాలి. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో, నిజాం కాలపు పైగా ప్రభువంశం వాళ్ల సమాధుల జాలీలను దగ్గరికెళ్లి చూడండి, మందం చేసే పని కళ్లకు కడుతుంది. అలాంటి జాలీ వేసవిలో మూడింటి దాకా నేరుగా వచ్చే ఎండను ఆపుతుంది, ఆ తర్వాత చిక్ దించుకోవాల్సిందే.

మెట్ల గది గాజులో మూడోవంతు తెరుచుకునేలా చేయించండి. పైకి చేరిన వేడిగాలి అటునుంచి పోతుంది. బయటివైపు వల తప్పనిసరి, లేకపోతే వారంలో పావురాలు గూడు పెడతాయి. ఆ వల దుమ్ము పట్టిందంటే వెలుతురు తినేస్తుంది, నెలకోసారి నీళ్లతో కడగాలి.