బండి ప్రశ్నలు: వెనక లింకులు ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు అక్కర్లేదు

ప్రశ్న: 2004 మోడల్ బీఎండబ్ల్యూ జడ్4 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ముందు ఓనరు స్ప్రింగులు మార్చి ఎత్తు తగ్గించాడు. హైవే మీద స్పీడులో ఉండి యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారిగా కాలు తీస్తే బండి తోక పక్కకి జరిగినట్టు ఉంటోంది. వెనక టైర్లు లోపలి అంచున తీగలు బయటపడేలా అరిగాయి. అడ్జస్టబుల్ లింకులు, అంటే పొడుగు మార్చుకోగలిగేవి, వేయమంటున్నారు. ఏటి చెయ్యమంటారు?
– విజయనగరం పాఠకుడు

జవాబు: మీరు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు. ఒకే మందుతో రెండూ పోవు.

ముందు తోక సంగతి. ఈ కారులో వెనక ఒక్కో చక్రానికి పొడుగ్గా ముందుకు వెళ్లే ట్రెయిలింగ్ ఆర్మ్ ఒకటి, అడ్డంగా పై ఆర్మ్ ఒకటి, కింది ఆర్మ్ ఒకటి ఉంటాయి. లింకులనేది వీటినే. ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు కొసన పెద్ద రబ్బరు బుష్, అంటే ఇనప గొట్టం చుట్టూ రబ్బరు ఉన్న కీలు, ఉంటుంది. ఇరవై ఏళ్ల రబ్బరు మెత్తబడి చీలిపోతే, కాలు తీసినప్పుడు, బ్రేకు వేసినప్పుడు ఆ కొస జరుగుతుంది. దాంతో చక్రం దిక్కు, అంటే టో, నడుస్తుండగానే మారిపోతుంది. మీకు తోక జరిగినట్టు అనిపించేది అదే. కింది ఆర్మ్‌లు ఎంత ఖరీదైనవి వేసినా ఇది పోదు. బండి కింద దూరి పొడుగాటి ఇనప కడ్డీతో ఆ బుష్ దగ్గర ఎగదన్ని చూడండి. రబ్బరుకీ లోపలి గొట్టానికీ మధ్య సందు తెరుచుకుంటే బుష్ పోయినట్టే. రెండు వైపులా కలిపే మార్చండి.

ఇక టైరు. ఎత్తు తగ్గిస్తే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. అది నెగెటివ్ క్యాంబర్. కంపెనీ ఇచ్చిన ఎక్సెంట్రిక్ బోల్టుతో, అంటే తిప్పితే ఆర్మ్ కొసని కాస్త అటూ ఇటూ జరిపే బోల్టుతో, కొంత వెనక్కి తేవచ్చు. ఆ బోల్టు చివరిదాకా తిప్పినా మైనస్ 2 డిగ్రీల లోపుకి రాకపోతేనే అడ్జస్టబుల్ ఆర్మ్ కొనండి. అదీ కింది ఆర్మే కొనండి. ఈ బండిలో స్ప్రింగు పై ఆర్మ్ మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని మార్చడం పెద్ద తతంగం. కింది ఆర్మ్ పొట్టి చేస్తే నెగెటివ్ క్యాంబర్ తగ్గుతుంది, పొడుగు చేస్తే పెరుగుతుంది. రెండు ఆర్మ్‌ల బయటి కొసల మధ్య ఎత్తు 200 మిల్లీమీటర్లు అనుకుంటే, 1 మిల్లీమీటరు పొట్టి చేస్తే దాదాపు 0.3 డిగ్రీ మారుతుంది. అందుకే ఒక్కోసారి సగం చుట్టు మించి తిప్పకండి.

అయితే ఒక మాట. టైరును తినేది క్యాంబర్ కన్నా టో ఎక్కువ. మైనస్ 2 డిగ్రీల క్యాంబర్‌తో టో సరిగా ఉన్న టైరు మన్నుతుంది. అరిగిన బుష్‌తో టో తప్పిన టైరు, క్యాంబర్ ఎంత బాగున్నా, కొన్ని వేల కిలోమీటర్లకే బోడి అవుతుంది.

కొనాల్సినవి: ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు 2, వాషర్లతో ఎక్సెంట్రిక్ బోల్టులు 2, విప్పిన ప్రతి బోల్టుకీ కొత్త లాక్ నట్టు, అవసరమైతేనే అడ్జస్టబుల్ ఆర్మ్‌లు 2. పాత లాక్ నట్టు మళ్లీ బిగించకండి, దాని పట్టు ఒక్కసారికే.

పని ఇలా చేయించండి. బండి నేల మీద ఉండగానే, టైరు నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి, నాలుగు చక్రాల కొలతలూ కాగితం మీద రాసుకోండి. ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు బ్రాకెట్టు బాడీకి ఏ చోట బిగించి ఉందో తెల్ల పెయింటుతో గీత పెట్టండి. ఈ బండిలో టో సెట్టింగు ఆ బ్రాకెట్టు పొడుగు రంధ్రాల్లోనే ఉంది. బ్రాకెట్టుకీ ఆర్మ్‌కీ మధ్య కోణం కూడా అప్పుడే ఫొటో తీసుకోండి. బండి పైకెత్తాక ఆర్మ్ వేలాడి ఆ కోణం మారిపోతుంది. స్టాండ్లు పెట్టకుండా జాకీ మీదే కిందకి దూరొద్దు. ఆర్మ్ కింద రెండో జాకీ పెట్టి నెమ్మదిగా దించాలి, లేకపోతే స్ప్రింగు ఎగిరి పడుతుంది. బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు లాక్కుపోకుండా చూసుకోండి. జినాన్ లైట్లు ఉన్న బండి అయితే వెనక ఆర్మ్‌కి లైట్ల ఎత్తు సరిచేసే చిన్న సెన్సర్ పుల్ల ఉంటుంది. కొత్త ఆర్మ్‌కి దాన్ని తగిలించే చోటు ఉందో లేదో కొనే ముందే అడగండి.

బుష్ పాతది తీసేటప్పుడు అది ఏ గీత మీద కూర్చుందో గుర్తు పెట్టుకుని, కొత్తదాన్ని అదే దిక్కులో ప్రెస్ చేయాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే రబ్బరు అక్కడే పగులుతుంది.

అసలు తప్పు జరిగేది చివర్లో. చక్రాలు వేలాడుతుండగా బోల్టులు గట్టిగా బిగించేస్తారు. రబ్బరు బుష్ లోపలి గొట్టాన్ని బోల్టు పట్టేస్తుంది. బండి కిందకి దించగానే ఆర్మ్ పైకి తిరుగుతుంది, గొట్టం తిరగదు, మధ్యలో రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. నెలల్లో చిరుగుతుంది, బండి ఎత్తు కూడా తప్పుగా నిలుస్తుంది. అందుకే బోల్టులు చేతి బిగువుతో వదిలి, ఆర్మ్ కింద జాకీతో ఎత్తి, మొదట రాసుకున్న కొలత వచ్చాక, టార్క్ రెంచితో కంపెనీ మాన్యువల్ అంకెకి బిగించాలి. ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్ బోల్టుకైతే ఆ కోణం ఫొటోయే ఆధారం.

తరవాత కంప్యూటర్ అలైన్‌మెంట్. వెనక చక్రాలు ముందు, స్టీరింగ్ తరవాత. సీట్లలో బరువు పెట్టే కొలవమని బీఎండబ్ల్యూ లెక్క. అలైన్‌మెంట్ చేసేవాడు ఖాళీ బండికే కొలిస్తే మీరే డ్రైవరు సీట్లో కూర్చోండి. వెనక టో ఒక్కో చక్రానికి 0.1 డిగ్రీ లోపలికి, రెండు వైపులా సమానంగా ఉంటే చాలు. 17 అంగుళాల రిమ్ము మీద అది సుమారు ముప్పావు మిల్లీమీటరు. కంటితో చూసి సరిచేస్తానన్నవాణ్ని నమ్మకండి.

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర. పాత స్పోర్ట్స్ కారు వెనక ఆర్మ్ బోల్టు తిరుగుతోంది గానీ బయటికి రావడం లేదు. గ్యాసు పెట్టి కాల్చమంటున్నారు.
– శ్రీకాకుళం జిల్లా పాఠకుడు

జవాబు: సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. బోల్టు తుప్పు పట్టి బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయింది. మీరు పానాతో తిప్పుతుంటే గొట్టం కూడా తిరిగి రబ్బరు చీలుతోంది. కాలిస్తే రబ్బరు మండుతుంది, పక్కనే బ్రేకు గొట్టం, పెట్రోలు ట్యాంకు ఉంటాయి. ముందు రోజు సాయంత్రం తుప్పు వదిలే నూనె కొట్టి, మళ్లీ పొద్దున కొట్టి చూడండి. కదలకపోతే బుష్‌కీ బ్రాకెట్టుకీ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు పెట్టి బోల్టు రెండు చోట్లా కోసేయండి. బుష్, బోల్టు ఎలాగూ కొత్తవే వేస్తారు. కొత్త బోల్టు నడుముకి పల్చగా యాంటీ సీజ్ (తుప్పుతో అతుక్కుపోకుండా పూసే పేస్టు) పూయండి. మరలకి మాత్రం పూయకండి. పూస్తే రాపిడి తగ్గి, అదే టార్క్ అంకెకి బోల్టు మరీ ఎక్కువ సాగుతుంది.

ప్రశ్న: రబ్బరు బదులు పాలీ (గట్టి పాలీయురెథేన్) బుష్‌లు వేయనా, రోజ్ జాయింట్ లింకులు వేయనా?
– బొబ్బిలి పాఠకుడు

జవాబు: ఒకే దిక్కులో తిరిగే కింది ఆర్మ్‌కి పాలీ బాగుంటుంది. సిలికాన్ గ్రీజు పెట్టి వేయండి, లేకపోతే కిర్రుమంటుంది. అన్ని దిక్కులా మెలిపడాల్సిన ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌కి పాలీ వేస్తే సస్పెన్షన్ బిగుసుకుంటుంది. అక్కడ కంపెనీ రబ్బరే మేలు. రోజ్ జాయింట్ అంటే ఇనప గుండు, ఇనప గిన్నె. మన ఎర్రమట్టి దుమ్ము, వానాకాలం బురద అందులోకి దూరితే టక్ టక్ మొదలవుతుంది. రేసు ట్రాకుకైతే సరే, సాలూరు ఘాట్ ఎక్కి దిగే బండికి రబ్బరు తొడుగు ఉన్న రకమే వేయండి. లింకు పొడుగు కదలకుండా పట్టే లాక్ నట్టు వారం తరవాత ఒకసారి మళ్లీ చూడండి. జాయింట్ మర లింకు లోపల కనీసం దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, 14 మిల్లీమీటర్ల మరకి 21 మిల్లీమీటర్లు. బయట మర ఎక్కువ కనిపిస్తోందంటే ఆ లింకు మీ బండికి పొట్టిదని అర్థం.

ప్రశ్న: లింకులు ఆటోనగర్‌లో లేతు మీద చేయించుకుంటే చవక కదా?
– చీపురుపల్లి పాఠకుడు

జవాబు: బుష్ గొట్టాలు, స్పేసర్లు లేతు మీద చేయించండి, నిక్షేపంగా ఉంటాయి. లింకు మాత్రం వద్దు. మామూలు పైపు ముక్కకి కొసన నట్టు వెల్డింగ్ చేసి ఇస్తారు. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ వెల్డింగ్ అంచునే దెబ్బ పడుతుంది. అక్కడ చిన్న పగులు పుట్టి, కనిపించకుండా పాకి, ఒకరోజు పూర్తిగా తెగుతుంది. వెనక లింకు తెగితే చక్రం పక్కకి తిరిగిపోతుంది, స్టీరింగుతో మీరు చేయగలిగేది ఏమీ ఉండదు.

ప్రశ్న: నా పాత స్విఫ్ట్‌కి కూడా వెనక అడ్జస్టబుల్ లింకులు దొరుకుతాయా?
– రాజాం పాఠకుడు

జవాబు: మీ బండిలో మార్చడానికి అలాంటి లింకులే లేవు. వెనక రెండు చక్రాల్నీ కలుపుతూ టోర్షన్ బీమ్ ఒక్కటే ఉంటుంది. బీమ్ రెండు కొసల బుష్‌లు, షాకబ్జర్లు చూపించుకోండి. అలైన్‌మెంట్‌లో వెనక టో తేడా చూపిస్తే బీమ్ వంగిందేమో, హబ్ బోల్టుల దగ్గర తుప్పు పేరుకుందేమో చూడమనండి.