పాజ్ చేశాక ‘మళ్ళీ పెట్టు’ అని ఎవరడిగారు?

ఈమధ్య ఇంట్లో చూసిన సినిమాల్లో ఏవి నచ్చాయి, ఏవి నచ్చలేదు, పెద్దవాళ్ళూ పిల్లలూ ఉన్న ఇంట్లో కలిసి ఏం చూడొచ్చు అని అడిగారు. మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

మాది వనస్థలిపురం. ఇంట్లో నేను, బ్యాంకులో పనిచేసే మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా బాబు, కరీంనగర్ వైపు నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తమ్మ. మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్ 295, అంటే నలుగురికీ కలిపి దాదాపు 1,200. పెద్ద హీరో సినిమా అయితే మొదటి వారం రేటు ఇంకా పెంచుతారు. పాప్‌కార్న్ సంగతి ఎత్తకపోవడమే మంచిది. అందుకే సంవత్సరంలో ఎప్పుడో ఒకటీ అరా తప్ప మిగతావన్నీ హాల్లో సోఫా మీదే.

ఇంట్లో చూసే సినిమాకి థియేటర్లో లేని పరీక్ష ఒకటుంది. మధ్యలో ఆగిపోవడం. నల్లా వస్తుంది, మోటార్ వెయ్యాలి. కుక్కర్ కూస్తుంది. మా బాబు ట్యూషన్‌కి టైమ్ అవుతుంది. పాజ్ చేసి ఎవరి పని మీద వాళ్ళు లేచి వెళ్ళాక, తిరిగొచ్చి ‘ఏదీ, మళ్ళీ పెట్టు’ అని ఎవరు అడిగారన్నదే నాకు లెక్క. రేటింగ్‌లు చూడటం మానేసి చాలా కాలమైంది. ఎవరూ అడగని సినిమాలు మా టీవీలో సగం సగం మిగిలిపోయి, ఎంతవరకు చూశామో చూపించే ఆ ఎర్ర గీతతో అలాగే పడి ఉన్నాయి. వాటిలో వందల కోట్ల సినిమాలు కూడా ఉన్నాయి.

ఈ పరీక్షలో మా ఇంట్లో నూటికి నూరు తెచ్చుకున్నది ‘బలగం’. 2023లో వేణు యెల్దండి తీసినది. అప్పట్లో అందరూ చూసేశారు, మేమే ఆలస్యం. కొమురయ్య అనే ముసలాయన పోతాడు. దినాల్లో పిట్టకి, అంటే కాకికి, పెడితే అది ముట్టదు. ఎందుకు ముట్టట్లేదో తెలియక కొడుకులు, కూతురు, అల్లుడు, ఊరు అంతా కొట్టుకుంటారు. మా బాబుకి ఈ తంతు అసలు తెలియదు. అత్తమ్మ పక్కన కూర్చుని మూడో దినం ఏం చేస్తారు, పదకొండో దినం ఏం చేస్తారు, ఎవరు ముందు పెట్టాలి అన్నీ చెప్తూనే ఉంది. అల్లుడు నారాయణ విందులో తనకి నల్లి బొక్క వెయ్యలేదని అలిగి ఏళ్ళ తరబడి అత్తారింటి గడప తొక్కలేదని తెలిసినప్పుడు మా బాబు పడీపడీ నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. ‘గిది నవ్వే ముచ్చట కాదురా’ అని రిమోట్ తీసుకుని తనే ఆపింది. ఆపి, వాళ్ళ వైపు ఎవరెవరు దేనికి అలిగారో మొదలుపెట్టింది. ఒకరు చీర రంగు నచ్చక, ఒకరు బొట్టు పెట్టి పిలవలేదని, ఒకరు ఫొటోలో వెనక నిలబెట్టారని. టీవీ దానంతటదే ఆఫ్ అయ్యేదాకా ఆ కథలే సాగాయి. నిజం చెప్పాలంటే అవి కూడా సినిమాకి ఏమాత్రం తీసిపోవు. మర్నాడు పొద్దున టిఫిన్ కూడా కాకముందే, ‘ఆ పిట్ట ముట్టిందా లేదా, పెట్టు’ అంది.

‘బలగం’లో లోపాలు లేవని కాదు. ప్రియదర్శి వేసిన సాయిలు పాత్ర మొదట్లో అప్పుల బాధ, కట్నం డబ్బు ఆశ అంటూ తిరిగే సీన్లు సాగుతాయి. మరదలితో ప్రేమ కూడా కథకి అవసరమై పెట్టినట్టే ఉంటుంది. కానీ చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వచ్చి కొమురయ్య కథని పాటగా పాడే చోట ఇవేవీ గుర్తుండవు. ఆ పాటలో ఒక్కొక్కరి పేరు వస్తుంటే ఆ ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే ఎలా కరిగిపోతారో చూడండి. కెమెరా ఎక్కువ కదలదు, ఎడిటింగ్‌లో హడావుడి లేదు, పాటకే పని అప్పజెప్పారు. మొగిలయ్య గారు 2024 డిసెంబర్‌లో చనిపోయారు. ఆ సంగతి నేను చెప్పాక అత్తమ్మ ఆ పాట ఒక్కటీ మళ్ళీ పెట్టించుకుంది. ఇంకొకటి. ఈ సినిమా ఓటీటీలోకి వచ్చేశాక కూడా తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కింద కూర్చుని చూశారు. ఇంట్లో చూస్తే సినిమా తేలిపోతుందనేవాళ్ళు దీనికి ఏమంటారో నాకు వినాలనుంది. ఫోన్లో చూడగలిగేదాన్ని జనం పదిమందిలో చూద్దామని బయటికి తెచ్చుకున్నారు.

‘లక్కీ భాస్కర్’ మా ఆయన సినిమా. 2024లో వెంకీ అట్లూరి తీశాడు, దుల్కర్ సల్మాన్ హీరో. 1980ల చివర, 1990ల మొదట్లో బొంబాయిలో ఒక బ్యాంకు కేషియర్ డబ్బు తిరకాసుల్లోకి దిగే కథ. దీన్ని మేం చూసినంత మెల్లగా ఎవరూ చూసి ఉండరు. ‘బ్యాంక్ రిసీట్’ మాట వచ్చిన ప్రతిసారీ మా ఆయన పాజ్ కొట్టి పాఠం మొదలుపెట్టేవారు. మీకూ పనికొస్తుంది కాబట్టి టూకీగా: అప్పట్లో ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకి ప్రభుత్వ బాండ్లు అమ్మితే, కాగితం చేతికివ్వకుండా ‘మీ బాండ్లు మా దగ్గరున్నాయి’ అని రసీదు రాసిచ్చేది. బాండ్లే లేకుండా రసీదులు రాయడం మొదలయ్యాక ఆ రసీదుల మీద బయటికొచ్చిన డబ్బు షేర్ మార్కెట్‌లోకి పోయింది. 1992లో షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది అలాగే. ఇది తెలిస్తే సినిమా రెట్టింపు మజాగా ఉంటుంది, తెలియకపోయినా కథ ఆగదు. నాకు నచ్చనిది దాని చివరి భాగం. అన్ని తప్పులూ చేసినవాడు అంత తెలివిగా, అంత శుభ్రంగా బయటపడితే మనం చప్పట్లు కొట్టాలని దర్శకుడి ఉద్దేశం. మా ఆయన కొట్టారు కూడా. ‘మా బ్రాంచ్‌లో అయితే రెండో రోజుకే దొరికేవాడు’ అని గొణుగుతూనే.

‘కోర్ట్’ చూడాలా వద్దా అని నేను కొంచెం తటపటాయించాను. 2025లో రామ్ జగదీష్ దర్శకత్వంలో వచ్చింది, నాని సమర్పించాడు. పందొమ్మిదేళ్ళ అబ్బాయి, పదిహేడేళ్ళ అమ్మాయి ప్రేమించుకుంటారు, అమ్మాయి మామయ్య మంగపతి పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద, కేసు పెట్టిస్తాడు. తొమ్మిదో తరగతి పిల్లాడు పక్కన కూర్చుని ఉంటే మొదటి అరగంట ఇంట్లో అందరూ టీవీ వైపు తప్ప ఎటూ చూడలేదు. తర్వాత మా బాబే అడిగాడు, ‘వాళ్ళిద్దరికీ ఇష్టమే కదా, కేసెందుకు?’ అని. 2012లో వచ్చిన ఆ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ళు పిల్లలే, వాళ్ళ ఇష్టం చట్టం దృష్టిలో లెక్కకి రాదు అని చెప్పాను. పిల్లల్ని కాపాడటానికే ఆ చట్టం అవసరమైంది అని కూడా చెప్పాను. ఈ మాటలు మామూలుగా కూర్చోబెట్టి చెప్పాలంటే వాడు లేచి పారిపోతాడు, నాకూ నోరు రాదు. ఆ మేరకు ఈ సినిమాకి రుణపడి ఉన్నాను.

సినిమాగా చూస్తే మాత్రం సగం మంగపతిదే. శివాజీ తెర మీదకి వస్తే మా అత్తమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. పరువు పేరుతో ఇంట్లో ఆడవాళ్ళ బట్టల మీద, ఫోన్ల మీద అజమాయిషీ చేసే మగవాడు ప్రతి చుట్టరికంలోనూ ఒకడుంటాడు, అందుకే ఆ భయం నటనలా అనిపించదు. కోర్టు సీన్లు నాకు అంత ఎక్కలేదు. లాయర్‌కి కావలసిన సమాధానాలు కావలసిన వేళకి అందివస్తాయి. ఆఖరి వాదన జడ్జికి చెప్పాల్సింది ప్రేక్షకులకి చెప్పినట్టుంది. అయినా మా ఆయన ఫోన్ పక్కన పెట్టి చూశారు. అది చిన్న విషయం కాదు.

ప్రియదర్శి గురించి ఒక మాట. ‘బలగం’లో ఆయనే, ‘కోర్ట్’లో లాయర్ ఆయనే, ఇప్పుడు చెప్పబోయే ‘35’లో మాస్టారూ ఆయనే. మేం ఏరి పెట్టుకున్నది కాదు, చిన్న సినిమాల్లో మంచిది వెతుక్కుంటూ పోతే ఆయన ఎదురవుతున్నాడు. మా అత్తమ్మ ‘మన పిలగాడు వచ్చిండు’ అంటుంది.

‘35 చిన్న కథ కాదు’ 2024లో వచ్చింది, నందకిషోర్ ఈమాని దర్శకుడు. తిరుపతిలో ఒక బస్ కండక్టర్ కుటుంబం. పెద్దబ్బాయి అరుణ్‌కి లెక్కలు రావు, ఎందుకంటే వాడు అడిగే ప్రశ్నలకి ఎవరూ జవాబు చెప్పరు. విలువే లేని సున్నా ఒకటి పక్కన చేరితే తొమ్మిది కన్నా పెద్దది ఎలా అవుతుంది అంటాడు. మాస్టారు వాడికి ‘జీరో’ అని పేరు పెడతాడు. పదో తరగతి తప్పిన తల్లి, నివేదా థామస్, తను నేర్చుకుని వాడికి నేర్పుతుంది. మార్కులు చూసి సెక్షన్లు విడదీసే స్కూళ్ళు ఉన్న ఈ ఊళ్ళో ఈ సినిమా అమ్మానాన్నలకి కాస్త గుచ్చుకుంటుంది. మా బాబుకి మాత్రం మొదటి సగమే నచ్చింది. రెండో సగంలో పాఠాలు మరీ మెత్తగా, మరీ అందంగా సాగుతాయి. లెక్కల హోంవర్క్ దగ్గర ఏ ఇంట్లోనూ అంత శాంతం ఉండదు, మా ఇంట్లో అసలే లేదు.

‘మంజుమ్మల్ బాయ్స్’ తెలుగు ఆడియోతో చూశాం. 2006లో కొడైకెనాల్ గుణ గుహల్లో నిజంగా జరిగిన ప్రమాదం మీద 2024లో తీసిన మలయాళ సినిమా. మొదట్లో కుర్రాళ్ళు ఎక్కువై ఎవరెవరో అర్థం కాక మా బాబు లేచి వెళ్ళిపోయాడు. ఒకడు గుంతలో పడ్డాక నేనే కేకేసి పిలిచాను. ఆ తర్వాత ఎవరూ కదలలేదు, నల్లా వచ్చినా సరే. అరగంట ఓపిక పట్టండి.

ఇక నచ్చనివి. పేర్లు ఎందుకులెండి, అభిమానులు నొచ్చుకుంటారు. భారీ ఖర్చుతో తీసిన ఫైట్ సినిమాలు మా టీవీలో ఒక్కటీ పూర్తి కాలేదు. కథ కన్నా ముందు సౌండ్ చంపేస్తుంది. మాటలు గుసగుసల్లా ఉంటాయి, పెంచుతాం. వెంటనే హీరో ఎంట్రీ, కిటికీ అద్దాలు అదురుతాయి, తగ్గిస్తాం. రాత్రి పది దాటితే పైపోర్షన్ వాళ్ళ మొహం చూడలేం. థియేటర్ కోసం ఆరు స్పీకర్లకి విడదీసి కలిపిన 5.1 సౌండ్‌లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్ నుంచి వస్తాయి. మన టీవీలో ఉన్నవి రెండు చిన్న స్పీకర్లు, అన్నీ వాటిలోకే దూరాలి. దీనికి కొంత ఉపాయం ఉంది. సినిమా ఆడుతుండగా ఆడియో సెట్టింగ్‌లోకి వెళ్ళి, 5.1 అని ఉన్నదాన్ని మార్చే వీలుంటే స్టీరియో పెట్టండి. చాలా టీవీల్లో మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ కూడా ఉంటుంది, అది ఆన్ చెయ్యండి. మా అత్తమ్మకి వినికిడి కొంచెం తక్కువ, ఈ రెండూ చేశాక ‘ఏమన్నడు, ఏమన్నడు’ అని అడగడం బాగా తగ్గింది. ఇంత చేసినా ఆ ఫైట్ సినిమాలు ఎవరూ మళ్ళీ పెట్టమనలేదు. తప్పంతా స్పీకర్లదే కాదన్నమాట.

అలాంటి సినిమా ఒకటి సగంలో ఆపేసిన రోజే, విసుగొచ్చి ‘మాయాబజార్’ పెట్టాను. 1957 సినిమా, మూడు గంటల పైన నిడివి. మా బాబు పది నిమిషాలు కూడా కూర్చోడనుకున్నాను. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిగా దిగాక వాడు కదల్లేదు. పెళ్ళి విందు గిన్నెలన్నీ ఖాళీ చేసే చోట వెనక్కి తిప్పి మళ్ళీ చూసి, ‘కంప్యూటర్ లేకుండా ఎలా తీశారు’ అన్నాడు. అంతకన్నా మంచి ప్రశ్న సినిమా అయ్యాక అడిగాడు. ‘ఇంతకీ పాండవులేరీ?’ వాళ్ళ కొడుకు పెళ్ళి కథ, కానీ సినిమా మొత్తంలో పాండవులు ఒక్క సీన్‌లోనూ కనిపించరు. ఇన్నిసార్లు చూసిన అత్తమ్మ కూడా ఆ మాటకి ఆశ్చర్యపోయింది. కె.వి. రెడ్డి వాళ్ళని చూపించాల్సిన అవసరమే రానివ్వలేదు. ఇప్పటి సినిమాల్లో హీరో అన్నదమ్ములు ఐదుగురుంటే ఐదు ఎంట్రీలు, ఐదు పాటలు ఉండేవి.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ‘బలగం’తో మొదలుపెట్టండి, కానీ ఆ పూట ఇంకో పని పెట్టుకోకండి. హైస్కూల్ పిల్లలుంటే ‘35’, మీరు పక్కన కూర్చోగలిగితే ‘కోర్ట్’. ‘మాయాబజార్’ ఎవరికైనా సరే. 2010లో రంగులద్దిన ప్రింట్ కూడా దొరుకుతుంది, పిల్లలు అదే అడుగుతారు. ఒప్పుకోకండి. ఆ ‘లాహిరి లాహిరి’ పడవ పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెల రంగుల్లో చూస్తే నీలం సున్నం వేసినట్టుంటుంది. నలుపు తెలుపుదే పెట్టండి.